పక్కసీటు బ్రేకు

"ఆపండి!"

"ఆపుతూనే ఉన్నానే!"

"నేను ఆపమన్నది ఆటని. మీరు ఆపింది ఆటలో బండిని!"

"మలుపు దగ్గర ఆపకపోతే ఎలా? అవతల నుంచి ఎవడైనా వస్తే?"

"ఎవడొస్తాడండీ? అందరూ ఒకే వైపు పోతున్నారు, మిమ్మల్ని దాటుకుని! మీ కాలు ఉన్నంతకాలం ఈ ఇంట్లో ఏదీ ముందుకు కదలదు. కారు నేర్పమంటే నాకూ ఇదే గతి పట్టించారు."

మేడమీద గదిలో పళ్ళు తోముకుంటూ నేను విన్న పోట్లాట ఇది. కింద ఉండేది మా బాబాయీ పిన్నీ. బాబాయికి లోకంలో ఒకటే నమ్మకం: ఏది కదులుతున్నా దాన్ని ఆపాలి.

బాబాయి డ్రైవింగ్ స్కూలు మాస్టారు. స్కూలు కార్లో నేర్చుకునేవాడి కాళ్ళ దగ్గర ఒక బ్రేకు, పక్కసీట్లో మాస్టారి కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటాయి. ఆ రెండో బ్రేకు మీద కాలేసి కూర్చోవడమే ఉద్యోగం. సాయంత్రం కాగానే బాబాయి ఇంటికొచ్చేస్తాడు గానీ ఆ కాలు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంటుంది. లిఫ్టు దిగుతుంటే నొక్కుతాడు. టీవీలో రైలు వస్తుంటే నొక్కుతాడు. సోఫా ముందు తివాచీకి సరిగ్గా కుడికాలి దగ్గర చిల్లు పడింది. పిన్ని దానికి అతుకు వేసీ వేసీ విసిగిపోయి, అక్కడొక రబ్బరు పట్టా పడేసింది.

మంగలి కుర్చీ వెనక్కి వాల్చినప్పుడు కూడా నొక్కుతాడు. ఒకసారి గొంతు మీద కత్తి ఉండగా ధబ్‌మని నొక్కాడట. మంగలి కత్తి కింద పెట్టి, చేతులు జోడించి, "మాస్టారూ, ఈ కుర్చీకి ఇంజను లేదండీ" అన్నాడు.

అలాంటి మనిషి ఒకరోజు చేతిలో పట్టుకుని ఆడే వీడియోగేము కొనుక్కొచ్చాడు. బుల్లికార్ల పందెం. కార్లు నడిపేవి కోతులు, ఎలుగుబంట్లు, హెల్మెట్ పెట్టుకున్న ఒక కప్ప. ఒకదాని మీద ఒకటి టమాటాలు విసురుకుంటూ, గోడలు గుద్దుకుంటూ దూసుకుపోవడమే ఆట. ఇందులో బ్రేకు బటన్ ఒకటుందని ఆడేవాళ్ళలో ఎవరికీ పట్టదు. బాబాయికి మాత్రం అదొక్కటే కనిపించింది.

పచ్చలైటు వెలుగుతుంది. అందరూ పోతారు. బాబాయి అటూ ఇటూ చూసి, నోటితో "పోం పోం" అని హారన్ కొట్టి బయల్దేరతాడు. మలుపొస్తే బ్రేకు. వంతెనొస్తే బ్రేకు. వెనకనుంచి కప్ప వస్తే పక్కకు తీసి దారిస్తాడు. అది పోతూ పోతూ టమాటా విసురుతుంది. "ఈ కప్పకి లైసెన్సు ఎవడిచ్చాడ్రా?" అని నా మీద అరుస్తాడు, ఏదో నేనే సంతకం పెట్టినట్టు. ప్రతి పందెంలోనూ చివరివాడు బాబాయే. ఒకసారి నేను అడిగేశాను.

"సిగ్గుగా లేదా బాబాయ్? కప్ప చేతిలో ఓడిపోతున్నావు."

"ఓడిపోతే ఏంరా? బండికి గీత పడిందా చూడు."

ఇక పిన్ని సంగతి. ఊరి చివర ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. పిలుపొస్తే పరుగెత్తాలి, బస్సేమో తన ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది. కారు నేర్చుకోవాలని పిన్నికి ఎప్పటినుంచో కోరిక. స్కూలు కారు ఇంటికి తెచ్చి నేర్పడానికి బాబాయి కూర్చున్నప్పుడల్లా బండి గేటు దాటలేదు. పిన్ని గేరు వేయడం, బాబాయి తొక్కడం, బండి ఆగిపోవడం. ఊళ్ళో వాళ్ళకి నేర్పేటప్పుడు మలుపు దాకా ఓర్చుకునే కాలు, పిన్ని స్టీరింగు పట్టుకుంటే చాలు, గేటు దగ్గరే వణికిపోయేది. పోనీ ఇంకో స్కూలుకి వెళ్ళమన్నాను.

"ఊరందరికీ నేర్పినవాడి పెళ్ళాం ఇంకొకడి దగ్గర నేర్చుకుంటే నలుగురూ నవ్వరూ?" అంది. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. బస్సుకే నిలబడింది.

నేను కాలేజీ మధ్యలో వదిలేశాను. బెంచీ మీద కదలకుండా కూర్చోవడం నా వల్ల కాలేదు, అంతే. ఇప్పుడు ఫోన్లు బాగుచేసే కొట్లో పని. బాబాయి అక్కడికి ఆ గేము పట్టుకొచ్చాడు.

"ఒరేయ్, బ్రేకు పడట్లేదు, చూడు."

మా ఓనరు విప్పి చూసి కళ్ళద్దాలు పైకి నెట్టుకున్నాడు. "మాస్టారూ, ఈ ఆటలో అందరికీ స్పీడు బటన్ అరుగుతుంది. బ్రేకు అరగ్గొట్టుకొచ్చిన మనిషిని మిమ్మల్నే చూస్తున్నా."

బటన్ మార్చాను. బాబాయి తీసుకోలేదు. "నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటా" అని స్టూలు లాక్కున్నాడు. అప్పట్నించి రోజూ భోజనాల వేళకి ఇదే తంతు. నేను నడపడం, బాబాయి పక్కన కూర్చుని నేల తొక్కడం. నేను గోడని గుద్దితే ధబ్. కప్పని గుద్దితే ధబ్ ధబ్. కింద కొట్టువాడు పైకొచ్చి, "పైన ఏమన్నా దంచుతున్నారా?" అని అడిగాడు.

తర్వాత్తర్వాత ఆ చప్పుడు తగ్గింది. వయసు మీద పడిందేమో అనుకున్నాను.

మొన్న, పక్కన రెయిలింగు కూడా లేని కొండదారిలో నేను ఫుల్‌స్పీడులో పోతున్నాను. పక్కనుంచి ఒక్క ధబ్ కూడా లేదు. తిరిగి చూస్తే బాబాయి మొహమంతా చెమట.

"ఏమైంది బాబాయ్? ఒంట్లో బాగాలేదా?"

"మాట్లాడించకురా. కాలు పట్టుకుని ఉన్నాను."

కింద చూశాను. చెప్పు విప్పేసి, కుడికాలిని స్టూలు కోడుకి మెలేసి, దాని మీద ఎడమకాలు బిగించి కూర్చున్నాడు, దొంగని పట్టుకున్నట్టు. నా బండి లోయ అంచు మీద ఒరుసుకుంటూ పోయి గెలుపు గీత దాటింది.

"కదిలిందా?" అన్నాడు.

"ఏది?"

"కాలురా!"

"లేదు."

పకపకా నవ్వాడు. కప్ప ఓడిపోయిందని కూడా గమనించలేదు.

"ఎందుకు బాబాయ్ ఈ తిప్పలు?"

"నా వైపు బ్రేకు లేని బండి నాకు దొరికింది ఇదొక్కటేరా. ముందు నేనే ఆడి బ్రేకు మానేద్దామనుకున్నా. కుదర్లేదు. పక్కన కూర్చుని మానడం అంతకంటే కష్టం. అందుకే నీ దగ్గరికొచ్చా. గోడకేసి గుద్దాలంటే నీ అంతటివాడు లేడుగా!"

తిట్టో మెప్పో తేల్చుకోలేకపోయాను.

"ఆదివారం మీ పిన్నిని మళ్ళీ స్టీరింగు ముందు కూర్చోబెడుతున్నా. ఇదే ఆఖరుసారి, ఈసారి బండి ఆగితే ఇక నేర్చుకోమని నన్ను అడగొద్దు అంది." గొంతు తగ్గించాడు. "గేములో ఓర్చుకున్నాను. దాని పక్కన ఓర్చుకోగలనో లేదో. నాకో సాయం చేస్తావా?"

"చెప్పు."

"ఆ ఒక్కరోజుకి స్కూలు కార్లో నా వైపు బ్రేకు తీగ విప్పెయ్. దాని వైపు బ్రేకు జోలికి పోకు, అది బంగారంలా పనిచేయాలి. నా పెడల్ మాత్రం ఊరికే అలా ఉండనీ. మీ పిన్నికి చెప్పకు. నా కాళ్ళ దగ్గర బ్రేకు ఉందన్న ధైర్యం దానికుండాలి. లేదన్న సంగతి నా కాలికి తెలియాలి."