ఒఫీలియా కాపలా కాసిన బండి

ఒఫీలియా మాద్రిగాల్, నేనూ శాన్ హోసేలో పళ్ల డబ్బాల ఫ్యాక్టరీలో పదకొండేళ్లు పక్కపక్కన నిలబడి ఆప్రికాట్లు ఏరాం. మా ఇళ్లకి ఒక్కటే గోడ.

ఆమె తమ్ముడు చెంచోకి ప్రాణమంతా వాడి కారు మీదే. అరవై మూడు నాటి ఇంపాలా, ముదురు ద్రాక్ష రంగు, డిక్కీ మీద గులాబీల బొమ్మలు. నేలకి జానెడు ఎత్తులో పాకినట్టు వెళ్లేది. ఎనభై నాలుగులో ఒక పెళ్లి విందులో గొడవైంది. చెంచో తోసిన తోపుకి ఒక మనిషి మెట్ల మీంచి పడి చనిపోయాడు. వీడికి పందొమ్మిదేళ్ల శిక్ష పడింది.

కోర్టులోంచి తీసుకుపోతుంటే వెనక్కి తిరిగి అరిచాడు. "అక్కా, నా బండి! నేనొచ్చేదాకా గడప దాటనివ్వకు!"

"అలాగేరా," అంది ఒఫీలియా. అప్పుడామెకి ముప్పై ఒకటి.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి మా పేటలో ఇంటింటా ఒకటే రేడియో. తీయగా, నిదానంగా సాగే పాత పాటలు. ఒక్కో పాట ముందు అది ఎవరు ఎవరికి పంపారో చదివేవాడు అనౌన్సరు. జైళ్లలో ఉన్నవాళ్లవే సగం ఉత్తరాలు; వాళ్లూ లోపల వినేవాళ్లు. "దూరాన ఉన్న చెంచో నుంచి, తన బండిని కంటికి రెప్పలా కాస్తున్న ఒఫీలియా అక్కకి..." ఆ తర్వాత ఒక సన్నటి మగగొంతు కరిగిపోతూ పాడేది.

సోమవారం పనిలో ఆడవాళ్లు చుట్టుముట్టేవాళ్లు. "ఏమే, నీ తమ్ముడు నిన్న మళ్లీ ఏడిపించాడు! మా ఆయన ఇన్నేళ్లలో నాకో పాట పంపిన పాపాన పోలేదు."

ఒఫీలియా నవ్వి ఊరుకునేది. ప్రతి శనివారం బండి తుడిచి, పది నిమిషాలు ఇంజన్ ఆడించి, బండిని ఎత్తి దించే పంపులు బిగుసుకోకుండా మీట నొక్కి దాన్ని రెండుసార్లు పైకి లేపి కిందికి దించేది. అంత పొడుగు బండి పట్టే షెడ్డు ఆ ఇంటికే ఉంది. అందుకని మంచం మీద వాన కారుతున్నా ఇల్లు మారలేదు.

ఎవరిస్తో లుహాన్ అని వేడుకల్లో పాడే మనిషి ఆమెని ఇష్టపడ్డాడు. అతనికి ఎక్కడో దూరాన ఆల్బుకర్కీ ఊళ్లో పని దొరికింది.

"నాతో వచ్చెయ్," అన్నాడు.

"మరి బండి?"

"దాన్నీ తోలుకుపోదాం."

"గడప దాటించనని మాటిచ్చాను."

"అయితే నువ్వు మనువాడింది దాన్నేనన్నమాట." నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు. రెండేళ్లు చూసి అతను అక్కడే ఎవరినో చేసుకున్నాడు.

చెంచో జైలుకెళ్లిన పదో ఏట ఒకరోజు ఒఫీలియా కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చింది. రేడియోకి పంపుతుందట. "ఒఫీలియా నుంచి చెంచోకి. అలిసిపోయానురా. నీ బండి ఇంకెవరికైనా అప్పగించు. నన్ను వదిలెయ్."

"జైలుకెళ్లి మొహాన్నే చెప్పొచ్చుగా?" అన్నాను.

"వాడి మొహం చూస్తే నోరు పెగలదే."

"పేటంతా వింటారు."

"విననీ."

ఆ ఆదివారం ఇద్దరం రేడియో ముందు కూచున్నాం. అనౌన్సరు గొంతు మెత్తగా వచ్చింది. "ఒఫీలియా నుంచి తమ్ముడు చెంచోకి. ఎంత అలిసినా నీ కోసం ఎదురు చూస్తూనే ఉంటానంటోంది." పాట మొదలైంది. జైల్లో ఉన్నవాణ్ని నొప్పించడం ఎందుకనుకున్నాడేమో ఆ మహానుభావుడు.

ఒఫీలియా లేచి వెళ్లి షెడ్డు తలుపు బార్లా తీసింది. "ఎక్కవే," అంది.

పెద్ద వీధిలో ఆదివారం షికారుకొచ్చిన ముస్తాబు బళ్లు ఒకదాని వెనక ఒకటి నత్తల్లా కదులుతున్నాయి. మమ్మల్ని చూడగానే జనం ఎగబడ్డారు. "చెంచో బండి! చెంచో బండి వచ్చింది!" ఆమె పేరు ఒక్కరూ అనలేదు. ఊరు దాటించే హైవే మలుపు దగ్గర ఒఫీలియా ఇండికేటర్ వేసింది. అది టిక్కుటిక్కుమంటూనే ఉంది. పచ్చ దీపం వెలిగింది. వెనక సంబరంగా హారన్లు. ఆమె ఇండికేటర్ ఆపేసి నేరుగా పోనిచ్చింది.

"ఎక్కడికని వెళ్తానే?" అంది.

ఆ కబురు జైలుకి చేరింది. రెండు వారాల తర్వాత రేడియోలో, "మా అక్క బండిని షికారు తిప్పిందట. ఈసారికి క్షమించాను." పేటంతా ముద్దుగా నవ్వుకుంది. ఒఫీలియా రేడియో కట్టేసింది. పాట మా గోడలోంచి ఆమెకి వినపడుతుందని నేనూ కట్టేశాను. అవతలి ఇంటి నుంచి వస్తూనే ఉంది.

రెండువేల మూడులో చెంచో విడుదలయ్యాడు. అక్కని కావలించుకుని భోరుమన్నాడు. కానీ రోడ్డు చూస్తే వాడికి వణుకు. ఇప్పుడు రోజంతా షెడ్డులో, తలుపు మూసుకుని, ఆ బండిలోనే కూచుంటాడు. ఒఫీలియా సంచి తీసిన చప్పుడుకి లోపల్నుంచి కేకేస్తాడు.

"అక్కా, ఎక్కడికి?"

"ఊరికేరా. ఇప్పుడే వస్తా."

ఆమె వీధి చివర బస్టాపు దాకా వెళ్లి బెంచీ మీద కూచుంటుంది. మొన్న నేనూ వెళ్లి పక్కన కూచున్నాను. మూడు బస్సులు వచ్చి ఆగి వెళ్లిపోయాయి.

"ఒక్కసారి ఎక్కి చూడవే," అన్నాను.

"పొయ్యి మీద బీన్స్ పెట్టొచ్చాను," అని లేచింది ఒఫీలియా.