తగిలిందా, తగల్లేదా

నా చిన్నప్పుడు మా రేపల్లెలో ఆదివారం వస్తే మగవాళ్ళకి రెండే పనులు. పొద్దున్నే బియ్యం మిల్లు గచ్చు మీద వాలీబాల్ ఆడటం ఒకటి. ఆట అయ్యాక ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చుని, మా జట్టు పుట్టిన దగ్గర్నుంచీ షాట్ కొట్టడంలో అందరికంటే మొనగాడెవడు అని పోట్లాడుకోవటం రెండోది. రెండో దాంట్లోనే చెమట ఎక్కువ పట్టేది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా నాన్న వెంట వెళ్ళి, ఆయన పక్కన బల్ల మీద కూర్చుని అన్నీ వినేదాన్ని. విని ఊరుకునే రకాన్ని కాదు. నా నోటికి భయపడి మా అమ్మ రోజూ తలబాదుకునేది.

పోటీ అంతా ఇద్దరి మధ్యే. ఒకరు మా నాన్న, ఇంకొకరు మా పక్కింటి మావయ్య. చుట్టరికం ఏమీ లేదు, వరస పెట్టి పిలుచుకునేవాళ్ళం. మిల్లులో మిషను దగ్గర పని ఆయనది. నాన్న కొడితే బంతి గీసిన గీత మీదే పడేది. మావయ్య కొడితే అవతలివాళ్ళు బంతి వదిలేసి పక్కకి దూకేవారు. సగం కొట్టు ఇటు, సగం కొట్టు అటు. వీళ్ళిద్దరికంటే ముందు జట్టులో ఒక పొడుగు మాస్టారు ఉండేవారట. నేను పుట్టకముందే పోయారు. ఆయన మాట వస్తే మాత్రం వాదన ఠక్కున ఆగిపోయేది. "ఆయన్ని మించినోడు లేడు" అని ఒకరి తర్వాత ఒకరు అదే మాట అని, గ్లాసులు ఖాళీ చేసి లేచేవారు. పోయినవాళ్ళతో పోటీ పెట్టకూడదని మా జట్టు పద్ధతి.

ఆ ఏడు కోతలైన కొత్తల్లో మిల్లు బెల్టు మావయ్య కుడిచేతిని లాగేసుకుంది. మోచేతి పైదాకా తీసేశారు. గుంటూరు ఆసుపత్రి నుంచి తెచ్చాక ఆయన గడప దాటలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఎడంచేత్తో తినాలంటే ఆయనకి చచ్చేంత సిగ్గు. అత్తయ్య కలిపి పెడితే పసిపిల్లాడిలా నోరు తెరవటం అంతకంటే సిగ్గు. రెండు ముద్దలు తిని చాలనేవాడు. పోనుపోను ఆ రెండూ మానేశాడు. "వాడికి బతకాలని లేదే" అని నాన్న అమ్మతో అంటుంటే విన్నాను.

ఒక ఆదివారం నాన్నా, ఇంకో నలుగురూ వెళ్ళి, బతిమాలి, ఆయన్ని టీ కొట్టుకి తీసుకొచ్చారు. ఖాళీ చొక్కా చెయ్యిని జేబులోకి దోపుకుని కూర్చున్నాడు. పాపం, మంచి మనసుతోనే నాన్న మొదలుపెట్టాడు. "ఎవరెన్ని చెప్పినా, మా బావని మించినోడు లేడు." రెండో ఆయన అదే మాట అన్నాడు. మూడో ఆయనా అంతే. గ్లాసులు ఖాళీ అయ్యాయి. ఎదురు చెప్పినవాడు ఒక్కడు లేడు.

మావయ్య అందరి మొహాలూ చూశాడు. "అయితే నన్నూ మాస్టారి దగ్గరికి పంపించేశారన్నమాట" అని మెల్లగా అని, లేవబోయాడు. అప్పుడుగానీ వాళ్ళకి తాము చేసిన పని తెలియలేదు. ఇంటికెళితే మళ్ళీ ఆ గోడవైపే తిరుగుతాడని నాకు భయం వేసింది. భయమేస్తే నాకు కోపం వస్తుంది.

"అబద్ధం! మా నాన్నే గొప్ప. బాపట్లోళ్ళతో ఆటలో, ఆఖరి షాట్‌కి నీ చెయ్యి నెట్‌కి తగిలింది. అది ఫౌలు. నేను స్తంభం పక్కనే ఉన్నా. చూశా!"

ఆయన ముందు చెయ్యి అనే మాటే ఎవరూ ఎత్తేవారు కాదు. నాన్న నన్ను కొట్టబోయాడు. మావయ్య ఆపాడు.

"ఏ చెయ్యే?"

"కుడి చెయ్యి."

"తగల్లేదు!" ఎడంచేత్తో బల్ల మీద గుద్దాడు. "జానెడు ఎడం ఉంది. నీ కళ్ళకేం రోగమే, దొంగమొహందానా?"

"నెట్ ఊగింది!"

"గాలికి ఊగింది!"

"గాలెక్కడ ఏడిసింది? ఆ రోజు ఆకు కదల్లేదు!"

ఎవరో ఫక్కున నవ్వారు. ఇంకొకరు మావయ్య వైపు మాట్లాడారు, వేరొకాయన నా వైపు. కాసేపటికి కొట్టు మళ్ళీ మామూలు కొట్టయింది. నాతో అరుస్తూ అరుస్తూనే మావయ్య పళ్ళెంలోంచి గారె తీసుకుని కొరికాడు. ఎడంచేత్తోనే. తర్వాత ఇంకొకటి తీసుకున్నాడు. నాన్న తలతిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంటికి నడుస్తుంటే మావయ్య నా నెత్తి మీద చెయ్యి వేశాడు. "వీళ్ళందరూ కలిసి నన్ను పాడె ఎక్కించారే. నువ్వొక్కదానివే దింపావు. రేపు కూడా రా, పోట్లాడుదువుగాని."

రోజూ పోట్లాడాం. సాయంత్రం బడి నుంచి రాగానే గోడ అవతల నుంచి "తగల్లేదే!" అని కేక వచ్చేది. "తగిలింది!" అని నేను అరిచేదాన్ని. ఒక్కరోజు కూడా ఆయన ఒప్పుకోలేదు. వానలు పడ్డాక ఆ గాయం మళ్ళీ చీము పట్టింది. జ్వరంతో బండెక్కించి గుంటూరు తీసుకెళ్ళారు. ఈసారి శవాన్నే తెచ్చారు.

ఆ తర్వాతి ఆదివారం టీ కొట్టులో ఆయన పేరు వచ్చింది. అందరూ ఒకే మాట అన్నారు. నా వంతు వచ్చేసరికి నాన్న నావైపు చూశాడు. ఆ చెయ్యి నెట్‌కి తగిలింది, నేను కళ్ళారా చూశాను. అయినా "మావయ్యని మించినోడు లేడు" అన్నాను. నా జన్మలో అంత చేదు మాట మళ్ళీ అనలేదు.

ఇప్పుడు తెనాలిలో ఉంటున్నాం. మా ఆయనకి పక్షవాతం వచ్చి ఏడాది దాటింది, కుడివైపు పడిపోయింది. చూడవచ్చినవాళ్ళు ఆయన ఏమన్నా "అవునండి, అవునండి" అంటారు. అది వింటే నాకు ఆ టీ కొట్టే గుర్తొస్తుంది. మొన్న ఆయన మాట కూడబలుక్కుని, "మన పెళ్ళినాడు రైలు తప్పిపోయింది మీ నాన్న వల్లే" అన్నారు. "అవునండి మావయ్యగారూ" అంది కోడలు. నేను చేస్తున్న పని వదిలేసి, పీట లాక్కుని మంచం పక్కన కూర్చున్నాను.

"మా నాన్న వల్ల కాదు. మీ వల్లే" అన్నాను.

ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. ఎడంచెయ్యి ఎత్తి మంచం పట్టె మీద ఠపీమని కొట్టారు.

"కాదు!" అన్నారు.