పై బల్బు ఆరిన సంగతి

నా భార్య మూడు వారాల కిందట మంగళవారం పోయింది. ఆ ఉదయం ఇద్దరికీ బాక్సులు కట్టింది. కాలేజీ బస్సుకు బయలుదేరుతూ గుమ్మంలో ఆగి, "ఈ ఆదివారమన్న గౌడవెల్లి పోదామా?" అని అడిగింది. చూద్దాం అన్నాను. తను ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసుకునేది. పదకొండు గంటలప్పుడు గుండెల్లో బరువుగా ఉందని పక్కనున్న లెక్చరర్‌తో చెప్పి, తల బల్ల మీద పెట్టిందట. నేను జీడిమెట్ల ఫ్యాక్టరీ నుంచి మేడ్చల్ ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. నలభై ఆరేళ్లు. మాకు పిల్లలు లేరు. మూత తీయని ఆమె బాక్సు ఇంటికి తిరిగొచ్చింది.

కాలేజీలో ఆమె ల్యాబు మేడమ్. శామీర్‌పేట వైపు బైకు పందేలకు వచ్చేవాళ్లకు లైటు మేడమ్. అక్కడ ప్లాట్లు ఇంకా అమ్ముడుపోని ఒక వెంచరులో పొడుగాటి తిన్నని రోడ్డుంది. అనుమతి తీసుకుని మా క్లబ్బు నెలకో ఆదివారం అక్కడ డ్రాగ్ రేసులు పెడుతుంది. ఇద్దరు పక్కపక్కన నిలబడి నాలుగు వందల మీటర్లు తిన్నగా పోవాలి, అంతే. మొదట్లో జెండా ఊపేవాళ్లం. ముందు ఎవరు కదిలారని ప్రతిసారీ గొడవ. అది చూడలేక ఆమె దీపాల స్తంభం తయారు చేసింది. దాన్ని నడపడం ఇంకెవరికీ రాక స్టార్టర్ కూడా తనే అయింది.

గీత దగ్గర రోడ్డుకు అడ్డంగా, జానెడు ఎడంలో రెండు సన్నని కాంతి కిరణాలు ఉంటాయి. ముందు చక్రం మొదటిదానికి అడ్డొస్తే స్తంభం మీద ఆ లైన్‌కు ఉన్న పై బల్బు వెలుగుతుంది. దగ్గరికొచ్చాడని అర్థం. రెండోదానికీ అడ్డొస్తే కింది బల్బు. సిద్ధమని అర్థం. ఇద్దరివీ వెలిగాక ఆమె బటన్ నొక్కేది. పసుపు, ఆపైన పచ్చ. పచ్చ రాకముందే చక్రం గీత దాటితే ఎరుపు పడుతుంది. ఎరుపు పడినవాడు ఓడినట్టే.

రేసులకు ముందు ఆమె రెండు లైన్లలోనూ మోకాళ్ల మీద కూర్చుని, స్టీలు స్కేలుతో కిరణాల ఎడం కొలిచేది. చున్నీ కొంగుతో సెన్సర్ల దుమ్ము తుడిచేది. ఒకసారి ఎవరో నవ్వుతూ, "నెలనెలా ఏం కొలుస్తవ్ మేడమ్, నేల గిట్ల తప్పు జేస్తదా?" అన్నారు.

"నేల జెయ్యది. పెట్టినోళ్లు జేస్తరు" అంది, తలెత్తకుండానే.

నేనూ పందేలకు దిగేవాణ్ని. ఇంట్లో నన్ను 'నువ్వు' అనే మనిషి, గీత దగ్గర 'ఎడమ లైన్' అని మాత్రమే పిలిచేది. అందరూ దానికి నవ్వేవాళ్లు. నాకు గర్వంగా ఉండేది.

గౌడవెల్లి నుంచి ఒక రైడర్ వచ్చేవాడు. ఫ్యాక్టరీలో షిఫ్టు పని. పాత బైకును తనే విప్పి తనే బిగించుకున్నాడు. మా అందరికంటే వేగంగా పోయేవాడు. నాలుగేళ్ల కిందట, పెద్ద పోటీకి క్లబ్బు తరఫున ఒక్కరినే పంపాలన్నారు. ఫైనల్‌కు అతనూ నేనూ మిగిలాం. దానికి మూడు రోజుల ముందు, క్లచ్ పని నాకు బాగా తెలుసని, అతను బైకును మా ఇంటికి తెచ్చాడు.

"క్లచ్ పట్టుకోని ఉంటే వేడెక్కి బండి ముందటికి గుంజుతాంది సార్. జర సూడుండ్రి" అన్నాడు.

విప్పి చూశాను. స్టీలు ప్లేట్లు వంగి ఉన్నాయి. కొత్తవి ఆ మూడు రోజుల్లో దొరికేవి కావు. గీత దగ్గర ఎక్కువసేపు ఆగొద్దని చెప్పాను. చెప్పినప్పుడు నా మనసులో ఏమీ లేదు.

ఫైనల్లో అతను వచ్చి రెండు బల్బులూ వెలిగించాడు. నేను పై బల్బు వెలిగించి ఆగిపోయాను. అలా ఆగకూడదన్న నియమం అప్పటికి లేదు. ఇంజిన్‌లో ఏదో తేడా ఉన్నట్టు తల వంచి చూస్తూ కూర్చున్నాను. పక్క బైకు మోత మారడం చెవులకు తెలిసింది. అప్పుడు ముందుకు జరిగి కింది బల్బు వెలిగించాను. పసుపు పడింది. ఆ వెంటనే అతని వైపు ఎరుపు.

ప్లగ్గు మిస్ కొట్టిందని అందరికీ చెప్పాను. అతనే వచ్చి చెయ్యి కలిపాడు. "జల్ది చేసిన సార్. నా చెయ్యి ఆగలే" అన్నాడు.

ఇంటికి రాగానే ఆమె పానా తీసుకుని, తనే నా బైకు ప్లగ్గు విప్పింది. వంటింటి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో తిప్పి చూసింది. లేత గోధుమ రంగు. మిస్ కొడితే పట్టే మసి చుక్క కూడా లేదు.

"గిది మిస్ కొట్టిన ప్లగ్గా?"

నేను పానా తీసి డబ్బాలో పెట్టాను. ఆమె కిటికీ వైపే తిరిగి చెప్పింది. "అతని పై బల్బు ఆరింది. నేను సూసిన."

చక్రం మరీ ముందుకు జరిగితే మొదటి కిరణాన్ని వదిలేస్తుంది. అప్పుడు పై బల్బు ఆరిపోతుంది. అంటే అతను క్లచ్ మీది చెయ్యి వదలకుండానే బండి పాకుతోంది. ఆమెకు అది తెలుసు.

"ఇద్దర్ని ఎనుకకు పంపాలె. నువ్వు ఆగినకాడికెల్లి పంతొమ్మిది దాక లెక్కవెట్టిన. వేరేటోళ్లయితే పంపుతుంటి. నువ్వున్నవని బటన్ ఒత్తిన."

ప్లగ్గును కిటికీ గూట్లో పెట్టింది. నాలుగేళ్లుగా అక్కడే ఉంది. ఆమె దాన్ని కదపలేదు. నన్నూ కదపనివ్వలేదు.

తర్వాతి నెల క్లబ్బుకు కొత్త నియమం రాసి తీసుకొచ్చింది. ఇద్దరి పై బల్బులూ వెలిగేదాకా ఎవరూ కింది బల్బు వెలిగించకూడదు. ఒకరు సిద్ధమయ్యాక రెండోవాడికి ఏడు లెక్కపెట్టేంత సమయం. దాటితే అతను ఓడినట్టు. ఎందుకని ఎవరో అడిగితే, "తయారైనోన్ని నిలవెట్టుడు దొంగతనమే" అంది. నా వైపు చూడలేదు. ఆ రోజు నుంచి నా వంతు వస్తే, తను నేర్పిన ఇంకొకరికి బటన్ ఇచ్చి పక్కకు వెళ్లేది.

పెద్ద పోటీలో నేను మొదటి రౌండులోనే ఓడిపోయాను. గౌడవెల్లి రైడర్ అప్పటికే పందేలు మానేశాడు. ఊళ్లో 'జల్దిగాడు' అని పేరు పడిందని, టీ కొట్టు దగ్గర "ఏం జల్దీ, చాయ్ సల్లారనియ్యవా?" అంటారని, అతను నవ్వి ఊరుకుంటాడని, ఆ ఊరి నుంచి వచ్చే ఒక విద్యార్థిని ల్యాబులో చెప్పింది. ఆ రోజు నా భార్య అన్నం తినలేదు.

అప్పటి నుంచీ అడుగుతూనే ఉండేది, అతని దగ్గరికి వెళ్దామని. నువ్వొక్కదానివే వెళ్లి చెప్పు అన్నానొకసారి. "నేనొక్కదాన్ని పోతే నా తప్పే చెప్పొస్త. నీది నువ్వే చెప్పాలె" అంది. వచ్చే వారం అనేవాణ్ని. ఓవర్‌టైమ్ ఉందనేవాణ్ని. ఆమె మళ్లీ కొన్నాళ్లు ఆగేది. నాలుగేళ్లు సిద్ధంగా నిలబడింది. ఏడు లెక్కపెట్టి నన్ను పక్కన పెట్టలేదు.

అంత్యక్రియలకు అతను వచ్చాడు. పాడె ఒక కొమ్ము పట్టాడు. అంతా అయ్యాక నా దగ్గరికి వచ్చి, "మేడమ్ అందర్ని ఒక్క తీరే సూసేది సార్. నాకే ఓపిక లేకపాయె" అన్నాడు. అతని చెయ్యి నా చేతిలో ఉంది. అప్పుడూ చెప్పలేదు.

పోయినవాళ్ల తప్పులు చెప్పకూడదంటారు. ఆ మినహాయింపు ఆమెకు నచ్చేది కాదు. అందుకే ఆమె జ్ఞాపకంగా అచ్చుకు ఇస్తున్న ఈ మాటల్లో అదీ రాశాను. కానీ అతను ఇది అచ్చులో చదివి తెలుసుకోకూడదు.

అతని షిఫ్టు ఏడింటికి. రేపు ఉదయం ఆరింటికల్లా గౌడవెల్లిలో వాళ్ల ఇంటి ముందు ఉంటాను. కిటికీ గూట్లోని ప్లగ్గు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. అది ఉన్నచోట సున్నం మీద గుండ్రటి మచ్చ మిగిలింది. ముందు నా సంగతి చెబుతాను. ఆ తర్వాత ఆమెది.