హబ్బో పాడిన గొట్టం

వెస్టర్‌వార్ప్ చర్చిలో రెండొందల డెబ్బై ఏళ్లనాటి గొట్టాల ఆర్గన్‌కు గాలి కొట్టే పని హబ్బో ఉల్‌ఫెర్ట్స్‌ది. వెనక గదిలో నిలబడి తిత్తులు తొక్కాలి. పేరేమో ముందు కూర్చుని వాయించేవాడికి, కాళ్లనొప్పులు హబ్బోకి.

మొదటి ప్రపంచ యుద్ధంలో సర్కారు తగరపు గొట్టాలు పీక్కుపోయింది. తర్వాత జింకువి పెట్టారు గానీ, మంద్రంలో ఒక్కటి మరిచారు. పాట మధ్యలో ఆ స్వరం దగ్గర పన్ను ఊడినట్టు ఖాళీ. ఒక ఆదివారం హబ్బో భరించలేక, తొక్కుతూనే ఆ ఖాళీలో "బూ" అన్నాడు. ఎవరూ తిరిగి చూడలేదు. అంతే, పాతికేళ్లకు పైగా అంటూనే ఉన్నాడు. ఇతనికి జలుబు చేసినప్పుడల్లా వాయించేవాడు "చెమ్మకు ఆ గొట్టం బొంగురుపోతోంది" అని వాపోయేవాడు.

ఇంతలో ఆర్గన్‌ను పూర్వంలా బాగుచెయ్యడానికి ఓల్ట్‌మాన్ అనే మేస్త్రీ వచ్చాడు. ముందు వాయించమని విన్నాడు.

"అన్నీ విప్పాల్సిందే. ఆ ఒక్క గొట్టం జోలికి మాత్రం పోకండి. అసలుసిసలు పాతకాలపు పనితనం!"

హబ్బో పొంగిపోయాడు. మర్నాడు మేస్త్రీ నిచ్చెనెక్కి చూస్తే గొట్టం లేదు, కన్నం ఉంది. హబ్బో నిచ్చెన దగ్గరికి పరుగెత్తాడు. కొత్తది పెడితే తను నోరు మూసుకోవాలి. ఆ ఒక్క స్వరం కూడా పోతే చర్చిలో తనదంటూ ఏం మిగులుతుంది?

"అది నేనేనండీ," అన్నాడు టోపీ నలుపుతూ.

"ఏది నువ్వు?"

"బూ... అదండీ."

మేస్త్రీ నిచ్చెన మీదే కూలబడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు. "అయితే పాడవయ్యా. నీ గొంతుకే గొట్టం కుదురుస్తాను."

మూడు కప్పుల టీ పడితే గానీ గొంతు పెగలదన్నాడు హబ్బో. మూడు రోజులు పాడాడు, మూడు రోజులూ కొత్త గొట్టానికి వంకలు పెట్టాడు.

"ఇదేంటండీ, దూడ అరిచినట్టుంది! నా గొంతు ఇలా ఉండదు."

"ఇలాగే ఉంటుందయ్యా. నువ్వు లోపల్నుంచి వింటున్నావు, మేం బయట్నుంచి వింటున్నాం."

బాగుచేసిన ఆర్గన్ ప్రారంభం రోజున హబ్బో పెదాలు బిగబట్టి తొక్కాడు. ప్రార్థన కాగానే అతని భార్య ఫోల్కె విసవిసా మెట్లెక్కి వచ్చింది.

"పెద్దలంతా వస్తారు, ఇవాళైనా నోరు కట్టుకోమన్నానా? మళ్లీ అరిచావు!"

"నేను నోరు తెరవలేదే!"

"నాకు చెప్పకు. ఇన్నేళ్లు నీతో కాపురం చేసినదాన్ని, నీ గొంతు నాకు తెలీదా?"

హబ్బోకి ఏడుపొచ్చింది. ముక్కు చీదుకున్నాడు.

"సరేలేవే," అన్నాడు, "పొరపాటైంది."