చుట్టుకో తల ఊపు

బొమ్మ విమానాలకు బొటనవేలంత మోటార్లు చుట్టడం ఆవిడ పని. ఇనుప చక్రానికున్న పళ్ళ మీద వెంట్రుకంత సన్నటి రాగితీగ చుడుతూ, లెక్క తప్పకుండా చుట్టుకోసారి తల ఊపుతుంది. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది, కళ్ళు మండుతాయి. నిన్న సరిగ్గా ఆ వేళకే భర్త వచ్చి పక్కన కూలబడ్డాడు. "మా అన్నయ్యావాళ్ళు ఇకనుంచి మనింట్లోనే ఉంటారు, సరేనా?" ఆవిడ తల ఊగింది. "వంటా గట్రా నువ్వు చూసుకుంటావుగా?" మళ్ళీ ఊగింది. ఆ పంటికి చుట్లు పూర్తయ్యాక తీగ బిగించి, "ఏమన్నారు?" అంది. "నువ్వే ఒప్పుకున్నావుగా! రమ్మని మెసేజ్ పెట్టేశాను."

ఆవిడ నడుం సర్దుకుని ఇంకో పన్ను మొదలుపెట్టింది. కాసేపటికి ఆయనే, "కోపమొచ్చిందా?" అన్నాడు. ఆవిడ చేతులు ఆపి మరీ తల ఊపింది. "లెక్కలో ఉన్నట్టుంది" అనుకుంటూ ఆయన లేచి, అన్నగారి మంచానికి చోటు చూడ్డానికి వెళ్ళాడు.