లావణ్య కొలతలు

బరువు తగ్గడానికి ఆపరేషన్ ఒకటుందని నాకు మొదట చెప్పింది బోధన్ విజయక్క. కరోనా తగ్గిన మరుసటి ఏడాది అది. నిజామాబాద్‌లో దవాఖానల గల్లీ మొదట్లో, మా ఇంటి ముందు గదిలోనే నా టైలరింగ్ షాపు. ఆడవాళ్ల జాకెట్లు, డ్రెస్సులు కుడతాను. బడికి పోయింది లేదు. అక్షరాలు మా బాపు, కత్తెర పట్టడం మా అమ్మ ఇంట్లోనే నేర్పారు. ఆ రెండింటితోనే దేవుడు ఇప్పటిదాకా అన్నం పెడుతున్నాడు.

విజయక్కకు బోధన్‌లో చీరల దుకాణం. ఆమె జాకెట్లు ఎన్నో ఏళ్లుగా నేనే కుడుతున్నాను. ఆ రోజు బస్సు దిగి వచ్చి, సంచీ నిండా ఉన్న జాకెట్లు టేబుల్ మీద కుమ్మరించింది.

"అన్నీ చిన్నగ చెయ్యాలె చెల్లె."

తలెత్తి చూసి ఉలిక్కిపడ్డాను. మెడ సన్నబడింది, దవడలు బయటికొచ్చాయి. "ఏమైందక్కా, పానం మంచిగ లేదా?" అన్నాను.

"ఇప్పుడే మంచిగైంది. గిన్నేండ్లు మోకాళ్లు పట్టుకొని ఏడ్చిన. కడుపు కోయించుకున్న. గోనెసంచంత ఉన్నదాన్ని అరటిపండంత చేసిన్రు."

ఆ ఆపరేషన్‌ను స్లీవ్ అంటారట. జీర్ణాశయంలో ఎక్కువ భాగం తీసేసి, సన్నటి గొట్టంలా మిగులుస్తారు. నాలుగు ముద్దలకే కడుపు నిండుతుంది. నాకు స్లీవ్ అంటే జాకెట్టు చెయ్యి ఒక్కటే తెలుసు. ఆ మాటంటే విజయక్క కడుపు పట్టుకొని నవ్వింది. "నవ్వియ్యకు, కుట్లు గుంజుతయి" అని మళ్లీ నవ్వింది.

ఆమె మరొకరిని పంపింది, వాళ్లు ఇంకొకరిని. అట్లా ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు నా దగ్గరికి రావడం మొదలైంది. మా పనిలో కొలత జాకెట్టే గురువు. ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి తెస్తే, దాన్ని గుడ్డ మీద పరిచి కత్తిరిస్తాం. వీళ్లకు ఆ పద్ధతి పనికిరాదు. పోయిన నెల జాకెట్టు ఇంకెవరిదో అన్నట్టుంటుంది. అందుకని ప్రతిసారీ టేపు పెట్టి ఒంటినే కొలవాలి. ఇంకో సంగతి మార్జిన్. పక్క కుట్టు లోపల మడిచి ఉంచే అదనపు గుడ్డను మార్జిన్ అంటాం. దాని మీద కూడా వీళ్లలో ఏకాభిప్రాయం లేదు.

"కత్తిరించి అవతల పారెయ్. నేను మల్ల లావయ్యేది ఉన్నదా?" అనేది విజయక్క.

"ఉండనియ్. ఎవ్వలు చూసిన్రు రేపటిది?" అనేది గంగామణక్క.

గంగామణక్కది జక్రాన్‌పల్లి, పసుపు పండించే ఇల్లు. షుగరు అదుపులోకి రాక ఆపరేషన్ చేయించుకుంది. షుగరు తగ్గింది గాని ఆమెకు సంతోషం మాత్రం రాలేదు. నా షాపులో బల్ల మీద వాళ్లిద్దరూ ఎదురుపడితే మిషన్ చప్పుడు ఎవరికీ వినపడదు.

"పెండ్లికి పోయిన విజయా. నాలుగు బుక్కలు తిని బంతిల కూసున్న. మా వియ్యపురాలు 'మా ఇంటి కూర నోటికి వస్తలేదా వదినే' అని మొకం ముడుచుకున్నది. ఊరంత నాకు పెద్ద రోగం వచ్చిందని గుసగుస. జుట్టు సూడు, ఎలుక తోకైంది."

"జుట్టు మల్ల వస్తది. గోళీలు ఏసుకుంటున్నవా?"

"యాదికొస్తే ఏసుకుంట."

"యాదికొస్తే కాదక్కా! మన కడుపు తిన్నదాంట్లకెల్లి సత్తువ సరిగ్గ గుంజదు. ఆ విటమిన్ గోళీలే మనకు అన్నం లెక్క. బతికినన్ని దినాలు ఏసుకోవాలె."

"గట్లయితే లావుగనే ఉండి అన్నమే తినకపోదునా!"

వాళ్ల వాదన వింటూ ఒక అమ్మాయి బల్ల చివర కూర్చునేది. పేరు లావణ్య. వర్ని దగ్గర కాలువ కింద వరి చేసుకునే కుటుంబంలోకి కోడలిగా వచ్చింది. ముప్పై ఏళ్లు దాటలేదు. భారీ మనిషి, నవ్వితే మాత్రం చిన్నపిల్ల. "మా వాడకట్టుల నన్ను లడ్డు అంటరక్కా. పేరు పెట్టి పిలిస్తే నేనే తిరిగి చూడ" అని తన మీద తానే హాస్యమాడేది. పెళ్లై చాలా ఏళ్లయినా పిల్లలు లేరు. నెలసరి సరిగ్గా వచ్చేది కాదు. బరువు తగ్గితే అవకాశం ఉందని డాక్టర్లు చెప్పారు. ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే.

"అక్కా, ఇది చేయించుకుంటే పిల్లలైతరా?"

విజయక్క తొందరపడలేదు. "అయినోళ్లు ఉన్నరు బిడ్డా. నీకైతదా అన్నది డాక్టర్‌ను అడుగు, నన్ను కాదు."

"ఇచ్చే దేవునికి నీ బరువుతోని ఏం పని? ఊకె కోయించుకోకు" అంది గంగామణక్క.

లావణ్య ఇద్దరికీ తలూపింది. చివరకు హైదరాబాద్ పోయి చేయించుకుంది. ఆమెకు తోడుగా పోయింది, తోడుగా వచ్చింది అత్త రాజవ్వ. కోడలికి గుక్క గుక్క తాగించడానికి సీసాలో పలుచటి అంబలి పట్టుకొని తిరిగేది. నేను కొలతలు తీస్తుంటే టేపు రెండో కొస తానే పట్టుకొని, "తగ్గిందా? ఎంత తగ్గింది?" అని అడిగేది. "కోడలు కాదు బిడ్డా, నా కడుపుల పుట్టనిది ఒక్కటే తక్కువ" అనేది. డాక్టర్ మాత్రం ఒక మాట గట్టిగా చెప్పి పంపాడట. ఏడాదిన్నర దాకా గర్భం రానివ్వొద్దు, ఒంట్లో సత్తువ కూడిన తర్వాతే.

కొన్ని నెలలు అంతా మంచిగానే గడిచింది. వచ్చిన ప్రతిసారీ టేపు ఇంకొంచెం లోపలికి జరిగేది. ఆ తర్వాత ఒక రోజు అత్తాకోడళ్లు ఇద్దరూ వచ్చి, షాపులో ఎవరూ లేరని చూసుకొని తలుపు దగ్గరికి వేశారు. రాజవ్వ నా చెవి దగ్గర నోరు పెట్టింది.

"నీళ్లు పోసుకున్నది బిడ్డా. ఎవ్వలకు చెప్పకు. మూడు నెలలు నిండేదాక పెదవి దాటొద్దు."

మావైపు నీళ్లు పోసుకుంది అంటే గర్భం వచ్చిందని అర్థం. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "పరీక్ష చేయించిన్రా అవ్వా?" అని అడిగాను.

"తిన్నది తిన్నట్టు కక్కుతున్నది. నెల తప్పింది. ఇంకేం పరీక్ష? నేను గూడ కన్నదాన్నే, వేవిళ్లు నాకు తెల్వయా?"

లావణ్య తలవంచుకొని చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. "ఇన్నేండ్లల్ల కిట్టు తెచ్చి ఎన్నిసార్లు చూసుకున్ననో అక్కా. చూసుకున్నప్పుడల్ల ఒక్క గీతనే. ఈసారి చూసుకోను. దేవుడు ఇచ్చిండనుకుంట, గంతే."

"డాక్టర్‌కు చెప్పిన్రా మరి?"

లావణ్య అత్త వైపు చూసింది. రాజవ్వే అంది: "ఏడాదిన్నర ఆగుమన్నడు గద. తెలిస్తే తిడ్తడు. తీసెయ్యమంటే ఏం జెయ్యాలె? కడుపు కనవడ్డంక చెప్తం. ఆ గోళీలు గూడ బంద్ పెట్టించిన. లోపలి పిల్లకు వేడి చేస్తయి."

గర్భం వస్తే ఏ మందూ ముట్టొద్దని మా ఇళ్లల్లో అందరూ అనే మాటే అది. ఆమె కొత్తగా కల్పించింది కాదు. "డాక్టర్‌ను అడిగి చేస్తే మంచిదవ్వా" అన్నాను గాని, నా గొంతులోనూ సంతోషమే ఎక్కువ. ఆ సాయంత్రం ఆ ఇంటి కోసం ఒక దీపం ఎక్కువ పెట్టాను.

నడుము దగ్గర వదులుగా కుట్టమన్నారు. కొలిచి చూస్తే పోయినసారి కంటే బాగా తగ్గి ఉంది. మొదటి నెలల్లో ఎవరైనా చిక్కుతారు కదా అనుకున్నాము, ముగ్గురం.

జాకెట్ల కోసం మళ్లీ వచ్చినప్పుడు లావణ్య గోడ పట్టుకొని లోపలికొచ్చింది. కాళ్లు ఎడంగా వేసి, పడవలో నడుస్తున్నట్టు నడిచింది. "నీరసం, దిష్టి" అంది రాజవ్వ. లావణ్య బల్ల మీద కూర్చొని నా మిషన్ వైపు చూసి నవ్వింది.

"అక్కా, రెండు సూదుల మిషన్ కొన్నవా?"

హాస్యమాడుతోందనుకొని నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆమె కళ్లు చూశాను. నల్లగుడ్లు ఒకచోట నిలవడం లేదు, సన్నగా అదురుతున్నాయి. లోపలికి పోయి విజయక్కకు ఫోన్ చేశాను.

"కక్కుడు ఎన్ని దినాల సంది?"

"నెల దాటిందంటున్నరు."

"గోళీలు?"

"బంద్ పెట్టిన్రు."

"అయ్యో! ఫోన్ వాళ్లత్తకియ్యి."

విజయక్క ఏం చెప్పిందో గాని రాజవ్వ ముఖం పాలిపోయింది. ఇదే గల్లీలో ఇన్ని దవాఖానలున్నాయి, ఏదో ఒకదానికి పోదాం పదమన్నాను. "కొడుకుకు చెప్పకుండ ఎట్ల బిడ్డా? ఇంటికి పోయి తోలుకొస్త" అని కోడల్ని పట్టుకొని ఆటో ఎక్కింది. ఇంటికి పోయేసరికి లావణ్య తూలి పడిందట. నీరసానికని ఊళ్లో వైద్యం చేసే ఆయనను పిలిస్తే గ్లూకోజు సీసా ఎక్కించాడు. తెల్లారి లావణ్య లేచి భర్తను చూసి "ఈయనెవరు?" అంది. అప్పుడు హైదరాబాద్ తీసుకుపోయారు.

స్కానింగ్‌లో గర్భసంచి ఖాళీగా ఉంది. ఎప్పుడూ ఏమీ లేదు.

డాక్టర్ వివరించినదాన్ని విజయక్క నాకు చెప్పింది, నాకు అర్థమైనంత రాస్తున్నాను. కుదించిన కడుపు దారి ఒకచోట బిగుసుకుపోయి తిన్నది కిందికి దిగక వాంతులయ్యాయి. తొందరగా బరువు తగ్గినా నెల తప్పుతుంది. తిండి నిలవక, గోళీలు లేక ఒంట్లో బి వన్ అనే విటమిన్ అడుగంటింది. థయమిన్ అంటారట దాన్ని. అది లేకపోతే మెదడు దెబ్బతింటుంది. ముందు కళ్లు, ఒకటి రెండుగా కనబడుతుందట, తర్వాత నడక, ఆ తర్వాత జ్ఞాపకం. ఆ స్థితిలో విటమిన్ ఇవ్వకుండా ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే ఇంకా ప్రమాదమట. ఇంజక్షన్లు ఇచ్చారు. చూపు నిలబడింది. కర్ర పట్టుకొని నడక వచ్చింది. బిగిసిన చోటును కూడా సరిచేశారు. జ్ఞాపకం మాత్రం రాలేదు.

చాలా నెలల తర్వాత రాజవ్వ ఆమెను నా దగ్గరికి తీసుకొచ్చింది. నన్ను చూడగానే లావణ్య ముఖం వెలిగింది.

"అక్కా, నాకు ఎన్నో నెలనో చెప్పుకో సూద్దాం!"

రాజవ్వ వైపు చూశాను. ఆమె తడబడకుండా "ఐదో నెల బిడ్డా" అంది.

"ఐదో నెల అక్కా! నడుము కాడ జర వదులు ఉంచు. ఇంకా పెరుగుతది గద."

కొలుస్తుంటే పక్కటెముకలు టేపుకు తగిలాయి. కొంచెంసేపటికే మళ్లీ, అప్పుడే నన్ను చూసినట్టు, అదే సంతోషంతో అదే మాట అడిగింది. మళ్లీ అదే జవాబు. ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి, రాజవ్వ నాతో తలుపు బయటికొచ్చింది.

"మొదట్ల నిజం చెప్పినం బిడ్డా. పిల్ల లేదు, లేకుండె అని. చెప్పినప్పుడల్ల అప్పుడే పోగొట్టుకున్నట్టు నెత్తి కొట్టుకొని ఏడ్చేది. ఏడ్చి మర్చిపోయేది. మల్ల అడిగేది. ఇంట్ల ఎవ్వలు ఇగ నిజం చెప్పొద్దన్న. అది మర్చిపోతది. నాకు మర్చిపోవుడు రాదు."

ఆ జాకెట్టు ఎట్లా కుట్టాలో నాకు చాలాసేపు తోచలేదు. మొత్తం వదులుగా కుడితే భుజం మీద నిలవదు. చివరకు భుజాలు, ఛాతీ ఉన్న కొలతకే కుట్టి, నడుము దగ్గర మాత్రం ఆమె అడిగినంత వదులు ఉంచాను. వేసుకొని అద్దంలో చూసుకొని మురిసిపోయింది.

విజయక్క ఇప్పుడు మెట్లెక్కి గుడికి పోతుంది. ఆ ఆపరేషన్ తనకు రెండో జన్మ అంటుంది, అది నిజం. గంగామణక్క గోళీలు తప్పకుండా వేసుకుంటోంది, అయినా పెళ్లి బంతి దగ్గర చిన్నబోతుంది, అదీ నిజం. ఏది సరైనదో చెప్పేంత చదువు నాకు లేదు. ఈ పని నాకు నేర్పింది ఇంతే: ఈ ఆపరేషన్ అయిన మనిషికి వాంతులు ఆగకపోతే దాన్ని శుభవార్త అనకండి, ముందు పరీక్ష చేయించండి. గర్భం వచ్చినా సరే, రాకపోయినా సరే, డాక్టర్ చెప్పకుండా ఆ గోళీలు ఆపకండి. తిడతారని దాచకండి. తిట్టు ఒక పూటలో పోతుంది. ఇప్పుడు నా షాపుకు వచ్చే ప్రతి ఒక్కరినీ కొలతకంటే ముందు ఈ సంగతులే అడుగుతాను. కొందరు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. లావణ్య ప్రాణాలతో ఉన్నందుకు రోజూ దండం పెట్టుకుంటాను.

ఆమె కోసం మొక్కేవాళ్లు చాలామంది ఉన్నారు, పుట్టింటివాళ్లు, ఊరివాళ్లు. రాజవ్వ కోసం ఎవరూ మొక్కరు. "కోడలి గోళీలు బంద్ పెట్టించింది ఈమెనే" అని ఆమె వినేటట్టే అంటారు. ఆమె ఎవరికీ ఎదురు చెప్పదు. కోడలి చెయ్యి పట్టుకొని నడిపిస్తూ, ఎన్నో నెల అని అడిగిన ప్రతిసారీ ఓపికగా చెబుతూ ఉంటుంది. మీరు ఏ దేవుని ముందు నిలబడినా సరే, మీవాళ్ల పేర్లన్నీ అయిపోయిన తర్వాత, రాజవ్వను ఒక్కసారి తలుచుకోండి.