నీళ్ళలో మనిషి

భోపాల్‌పట్నం దగ్గర ఇంద్రావతి రేవులో నిలబడి ఉపేంద్ర ఎవరని అడగండి, ఒక్కరూ చెప్పరు. మస్కట్ పడవాయన అంటే చాలు, చాయ్ బండి దగ్గరున్న వాళ్ళంతా ఒకేసారి అందుకుంటారు. కొందరు గట్టిగా చెప్తారు, కొందరు గొంతు తగ్గించి చెప్తారు. గొంతు తగ్గించి చెప్పేదేమిటో ఉపేంద్రకూ తెలుసు.

వాళ్ళ నాయన రామనర్సయ్య ఆ రేవులోనే దోనె నడిపేవాడు. ముందు నిలబడి గడ వేసేది నాయన, వెనక కూర్చుని తెడ్డు పట్టేది కొడుకు. తర్వాత చుట్టాలు కొందరు గల్ఫ్‌కు పోతుంటే వాళ్ళతోపాటు ఉపేంద్ర కూడా మస్కట్ వెళ్ళాడు. సముద్రం ఒడ్డున ఒక పడవల క్లబ్బులో పని. పనంటే ఏముంది, సరదాకి తిరిగొచ్చిన వాళ్ళ తెరచాప పడవలకు పట్టిన ఉప్పు కడగడమే. ఒకరోజు ఇతను తాడు ముడివేసే తీరు ఆంటన్ మాస్టారు కంటపడింది. ఆయనది గోవా.

"నదిలో పెరిగినవాడిలా ఉన్నావే! రా, నేర్చుకో. పరీక్షలు పాసైతే రెస్క్యూ పడవ మీద పెట్టిస్తా" అన్నాడు హిందీలో.

గాలి ఎటునుంచి వస్తుందో చెంపతో తెలుసుకోవడం, తెరచాప ఎంత బిగించాలో ఎంత వదలాలో చూసుకోవడం, ఇవన్నీ ఉపేంద్రకు ఇట్టే పట్టుబడ్డాయి. పట్టుబడనిది ఒక్కటే, 'నీళ్ళలో మనిషి' అనే పరీక్ష. పాత చొక్కా తొడిగిన డబ్బాను నీళ్ళలో పారేసి, మనిషి పడ్డాడని కేకేస్తారు. పడవను తిప్పుకొచ్చి ఆ డబ్బాను పైకి తియ్యాలి. ఆంటన్ కేకెయ్యడమే ఆలస్యం, మనవాడు చుక్కాని వదిలేసి దబీమని దూకేశాడు. డబ్బాను చంకన పెట్టుకుని తల తిప్పి చూస్తే, ఆంటన్ ఉన్న పడవ గాలికి గిరగిరా తిరుగుతోంది.

"పాగల్ హై క్యా? ఎవడు దూకమన్నాడు నిన్ను?"

"మా ఊళ్ళో ఎవరూ చెప్పరు సార్. మనిషి పడితే దూకుతాం, అంతే."

ఇక చూడాలి, తోటి పనివాళ్ళ వేళాకోళం! వాళ్ళలో కరీంనగర్ నుంచి వచ్చినవాళ్ళు కనబడితే చాలు, "ఏందిర డబ్బా మొగుడా, పెండ్లాం మంచిగున్నదా?" అని ఒకటే నవ్వు.

మళ్ళీ పెడితే మళ్ళీ దూకాడు. అప్పుడు ఆంటన్ తిట్టకుండా పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "నడిపేవాడు దూకితే పడవలో ఉన్నవాళ్ళంతా పడినట్టే. ఎవరో ఒకరిని పడినవాడి వైపు చెయ్యి చాపి చూపిస్తూ ఉండమను. ఏం జరిగినా ఆ చెయ్యి దిగకూడదు. నువ్వు మాత్రం పడవ తిప్పు."

ఆ తర్వాత పాసయ్యాడు. తెరచాప పడవ, మోటారు పడవ, చివరికి రెస్క్యూ పడవ, ఒక్కోదానికి ఒక్కో సర్టిఫికెట్. పని ఒప్పందం అయిపోయి ఇంటికొచ్చాక అవన్నీ నాయన ముందు పరిచాడు.

"నీళ్ళల్ల పరీక్ష రాస్తే కాగితం తడ్వదా బిడ్డా?" అన్నాడు రామనర్సయ్య.

"నీకేమెర్క, ఊకో!" అని కసిరింది తల్లి పోసక్క. "నా కొడుకు సముద్రం తోలిండు." ఆ మాట సంతలో చెప్పింది, బస్సులో చెప్పింది, వినని వాళ్ళను ఆపి మరీ చెప్పింది.

వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. సంత ముగించుకుని అవతలి ఊళ్ళ తల్లులూ పిల్లలూ దోనె నిండా ఎక్కారు. ఎప్పటిలాగే ముందు గడతో నాయన, వెనక తెడ్డుతో ఉపేంద్ర. నది నడుమకొచ్చాక రామనర్సయ్య గడ రాళ్ళ సందులో ఇరుక్కుంది. దోనె ముందుకు పోతోంది, గడ రావడం లేదు. వదిలేస్తే అయిపోయేది. ఎన్నో ఏళ్ళుగా అరచేతిలో అరిగిన గడ, చెయ్యి వదల్లేదు. మనిషి జారి పడ్డాడు, తల రాయికి కొట్టుకుంది. ఒక్కసారి పైకి తేలాడుగానీ ఈదలేదు.

ఉపేంద్ర సగం లేచాడు. తెడ్డు వదిలితే దోనె అడ్డం తిరిగి రాళ్ళకు కొట్టుకుంటుంది. పిల్లలు ఏడుస్తున్నారు.

"లక్కే! అటు చెయ్యి చాపు! దించకు!" అని గోండిలో అరిచాడు.

ఒడిలో పసిపాపతో ఉన్న అవతలి ఊరి గోండు పడుచు లక్కే చెయ్యి చాపింది. ఉపేంద్ర కూర్చున్నాడు. పళ్ళు బిగించి, ప్రవాహానికి ఎదురు దోనెను తిప్పుకొచ్చాడు. వచ్చేసరికి లక్కే చెయ్యి అటువైపే ఉంది. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు.

అందరినీ ఒడ్డున దించాక దూకాడు. చీకటి పడేదాకా మునుగుతూనే ఉన్నాడు. శవం మర్నాడు దిగువన దొరికింది.

"తండ్రి మునుగుతుంటె తెడ్డు వట్టుకోని కూసున్నడట."

"మస్కట్ల గదే నేర్పిండ్రేమో!"

ఊరివాళ్ళ ఈ మాటలు భరించొచ్చు. పోసక్క ఏమీ అనకపోవడాన్నే ఉపేంద్ర భరించలేకపోయాడు. కంచంలో అన్నం పెట్టేది, మొహం చూసేది కాదు. అవతలికి పనిబడితే చుట్టూ తిరిగి రోడ్డు మీద పోయేదేగానీ రేవుకు వచ్చేది కాదు.

ఒకరోజు పోసక్కను చూడటానికి లక్కే ఇంటికొచ్చింది. ఆమెకు వచ్చింది గోండి, పోసక్కకు అది అంతంతమాత్రం. ఏం మాట్లాడుకుంటారు? లక్కే తన పాపను పోసక్క ఒడిలో పెట్టి ఎదురుగా కూర్చుంది. పాప పోసక్క కొంగు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. పోసక్క అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఆ పూట బయటపడింది.

మర్నాడు పోసక్క రేవుకొచ్చి, దోనె ఎక్కి, మొగుడు నిలబడే చోట కూర్చుంది. నది నడుమకొచ్చాక తల తిప్పకుండానే అడిగింది.

"ఏడ?"

ఉపేంద్ర ఒక చేత్తో తెడ్డు పట్టుకుని, రెండో చెయ్యి చాపి చూపించాడు. దోనె ఆ చోటు దాటింది. చెయ్యి మాత్రం వెనక్కి తిరుగుతూ అటే చూపిస్తోంది.

"దించు బిడ్డా. చెయ్యి గుంజుతది."

దించలేకపోయాడు. పోసక్క అంచులు పట్టుకుని మెల్లగా వెనక్కి జరిగి, ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, తెచ్చి తెడ్డు మీద పెట్టింది.

"రెండు చేతుల్తోని పట్టు. దోనె కొట్టుకపోతున్నది."